బోర్లించిన రొట్టె

ఉజ్బెకిస్తాన్‌లోని మర్గిలాన్ రొట్టెల బజారులో హోసియత్ ముప్పై ఏళ్లుగా తందూరు ముందే ఉంది. సెగకు కనుబొమలు రాలిపోయి ఎన్నేళ్లయిందో ఆమెకే గుర్తులేదు. పెళ్లిళ్లకు మాత్రం ఆకుపసరుతో దిద్దుకుని వెళ్లేది.

కూతురు జుల్హుమార్‌కు ఇరవై నాలుగేళ్లు. మాట్లాడదు, పిలిస్తే తిరగదు. ఆటిజం అన్నాడు తాష్కెంట్ డాక్టరు. తందూరులోంచి తీసిన ప్రతి రొట్టెనూ ఆ పిల్ల బోర్లించి, అడుగున వేలి కణుపుతో మూడుసార్లు కొట్టి, చెవి ఆనించేది. లోపల పచ్చిగా ఉంటే పక్కన పెట్టేది. ఒక్కసారీ తప్పలేదు. వీధి చివర మాడుతున్న రొట్టె కూడా ఆమెకు వినపడుతుందని బజారువాళ్లు ఒట్టేసి చెప్పేవారు. పుచ్చకాయలు అమ్మేటప్పుడూ వాళ్లు అలాగే ఒట్లు వేస్తారనుకోండి.

రొట్టెను బోర్లించడం అక్కడ మహాపాపం. అందుకని ఆ సందులో అందరూ ఆ ఒక్క క్షణం చూడనట్టు అటు తిరిగి తుమ్మేవారు. పదేళ్లు అలా తుమ్ముతూనే గడిపారు.

ఏప్రిల్‌లో ఎవరో కొత్తమ్మాయి తుమ్మకుండా ఫోన్ ఎత్తింది. పదకొండు సెకన్ల వీడియో. ‘రొట్టెను అవమానిస్తోంది చూడండి’ అని రాసి పెట్టింది. సాయంత్రానికి ఊళ్లో సగం మంది డాక్టర్లు, మిగతా సగం ముల్లాలు అయిపోయారు.

పక్క దుకాణం తుర్దిఖాన్ ఫోన్ పట్టుకొచ్చింది.

“చదవనా అక్కా?”

“చదువు.”

“‘జిన్ను పట్టింది, ముల్లాతో మంత్రం ఊదించండి.’ ‘చిన్నప్పుడు తల్లి ఫోనిచ్చి కూర్చోబెట్టి ఉంటుంది.’”

“అప్పుడు ఫోనెక్కడిదే? మా ఇంట్లో రేడియోనే దగ్గుతుండేది.”

“‘పాపం, దేవదూత. ఏడుపొచ్చింది.’ దీనికి ఆరువందల మంది గుండె బొమ్మలు పెట్టారు.”

“ఏడ్చినావిడను వచ్చి రెండు రొట్టెలు కొనమను.”

ఎవరూ రాలేదు. పాత బేరగాళ్లూ తగ్గిపోయారు. నాలుగో రోజు మమసోలి వచ్చాడు. తన కూతురి నిశ్చితార్థానికి రొట్టెలు చెప్పి ఉన్నాడు; అక్కడ పెద్దలు రొట్టె విరిస్తేనే సంబంధం ఖాయమైనట్టు.

“నాకేం పట్టింపు లేదక్కా. వియ్యాలవారు ఫోన్ చూస్తారు కదా. ఆ పిల్ల చెయ్యి తగలకూడదు.”

“దానిది చెయ్యి కాదురా, చెవి.”

“చెవి కూడా వద్దు.”

ఈ బేరం కూడా పోతే తందూరు ఆరిపోతుంది. తందూరు ఆరితే కూతురు నిలబడే చోటు లోకంలో ఇంకెక్కడా లేదు. ఒక్క పూటేగా అనుకుని, హోసియత్ కూతురిని లోపల ఉంచి ఇంటికి బయట తాళం వేసి వచ్చింది.

రొట్టెలు కాల్చి తనే కొట్టి చూసింది. అన్నీ ఒకేలా మోగాయి.

మధ్యాహ్నం పెద్దలు విరిచిన మొదటి రొట్టెలోనే పచ్చిపిండి సాగింది. వియ్యాలవారు లేచి వెళ్లిపోయారు. ‘ఆ పిచ్చిదాని చెయ్యి పడిన రొట్టే’ అని ఫోన్లలో అప్పుడే మొదలైంది. మమసోలికి నిజం తెలుసు, అయినా కాదని ఒక్క ముక్క రాయలేదు.

హోసియత్ ఇంటికి పరుగెత్తింది. గుమ్మం ముందు పక్కింటి ముసలమ్మ నిలబడి ఉంది. లోపల్నుంచి మూడు దెబ్బలు. నిశ్శబ్దం. మళ్లీ మూడు దెబ్బలు.

“పొద్దుట్నుంచీ ఇదేనమ్మా. మా మనవరాలు వీడియో కూడా తీసింది.”

హోసియత్ తాళం తీసింది. జుల్హుమార్ తల్లివైపు చూడలేదు. తెరిచిన తలుపును మళ్లీ మూసి, చిట్లిన కణుపులతో మూడుసార్లు కొట్టి, చెవి ఆనించింది.