స్కోర్ చెప్పొద్దు

ఎనభైల మొదట్లో ఆఫీసు పనిమీద మెల్‌బోర్న్ నుంచి అమెరికా వెళ్లాను. ఒక ఉదయం నేపర్‌విల్‌లో షికాగో రైలెక్కితే, పక్క సీట్లో చీర మీద చారల ఊలు మఫ్లర్ చుట్టుకున్న ఒకావిడ కనిపించారు. తెలుగువారే, డాక్టర్ సుభద్ర. నేనుండేది మెల్‌బోర్న్ అనగానే రెండు చెవులూ మూసుకున్నారు.

"ఆగండి, స్కోర్ చెప్పకండి! అక్కడ ఆరేళ్లు వర్క్ చేశానండీ. ఇది మా ఫుట్‌బాల్ క్లబ్ మఫ్లర్. శనివారం ఫైనల్ అయిపోయింది. ఫ్రెండ్ పోస్ట్ చేసిన మ్యాచ్ వీడియో టేప్ ఇంకా రాలేదు. అందాకా మావారిని పేపర్ కూడా ఓపెన్ చెయ్యనివ్వట్లేదు."

ఆస్ట్రేలియాలో తప్ప ఇంకెక్కడా ఆడని ఆ రకం ఫుట్‌బాల్ గురించి షికాగో పేపర్లో ఎవరు వేస్తారు? నేను తెల్లమొహం వేశాను. అది చూసి ఆవిడ నీరుగారిపోయారు.

"ఓడిపోయామా? పర్లేదు, చెప్పేయండి."

"ఒట్టు డాక్టర్‌గారూ, నాకు తెలీదు. నేను ఫుట్‌బాల్ చూడను."

"ఫైనల్ రోజు ఊళ్లో లేరా?"

"ఉన్నానండి. రోడ్లన్నీ ఖాళీగా ఉన్నాయని డ్రైవింగ్ ప్రాక్టీస్ చేశాను."

ఓడిపోయామన్నా ఆవిడ క్షమించేవారేమో. బ్యాగు తీసుకుని లేచి, వెళ్లి ఒక అమెరికన్ పక్కన కూర్చున్నారు. షికాగో వచ్చేదాకా పాపం ఆయనకి ఆట రూల్స్ చెబుతూనే ఉన్నారు.