మగ్గం మీది అట్టలు

అమరచింతలో నేతవాళ్లకు డిజైన్లు గీసిచ్చే బుచ్చన్న, యాభై దాటినంక కంప్యూటర్ పట్టాడు. అంతకుముందు గళ్ల కాగితం, పెన్సిలే. గళ్లు నింపితే అట్టలకు రంధ్రాలు పడతాయి, ఆ అట్టలు మగ్గం నెత్తిన వేలాడతాయి, వాటి ప్రకారం పోగులు లేస్తాయి. ఏ మగ్గం అట్టలు ఆ మగ్గం మీదే ఉండాలి. వేరే చోట పెడితే కలిసిపోతాయి. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆయనకు తెలిసిన పద్ధతి ఇదొక్కటే.

అందుకే డిజైన్లన్నీ, అవి గీసే సాఫ్ట్‌వేర్ ఎక్కిన సి డ్రైవ్ ఫోల్డర్లోనే పెట్టుకున్నాడు. ఇంటింటి పేరుతో లోపల మళ్లీ ఫోల్డర్లు. డి డ్రైవ్ ఖాళీగా పడి ఉంది. ఊరికి కంప్యూటర్ అమ్మడానికి వచ్చినవాళ్లున్నారు గానీ, దాంట్లో ఏది ఎక్కడ పెట్టుకోవాలో చెప్పడానికి ఒక్కడూ రాలేదు.

ఎండాకాలమంతా పక్కింటి అనితతో కూచుని ఒక కొంగు గీశాడు. రెండు తలల పక్షి, మెడలు పెనవేసుకున్నది. చీర ఒళ్లు నేసేసింది అనిత. కొంగే మిగిలింది. అట్టలు కొట్టిద్దామనుకునేసరికి కంప్యూటర్ మొరాయించింది. మోసుకుని గద్వాల పోయాడు.

"సి డ్రైవ్ నిండిపోయిందన్నా. ఫార్మాట్ కొట్టాలె. డిలో ఉన్నయి పోవు. సిలో నీయి ఏమన్న ఉన్నయా?" అని అడిగాడు రిపేరు షాపు హరీష్.

"నాయి ఏమున్నయి? సాఫ్ట్‌వేర్ ఒక్కటే."

"గది మల్ల ఎక్కిస్త తియ్. ఛాయ్ తాగి రాపో."

బుచ్చన్న నిజంగానే ఛాయ్ తాగి వచ్చాడు. ఇంటికొచ్చి తెరిస్తే సాఫ్ట్‌వేర్ కొత్తగా మెరుస్తోంది. లోపల ఒక్క ఇంటి పేరూ లేదు. ఫోన్ చేశాడు.

"సాఫ్ట్‌వేర్ లోపల ఎవరన్న పెట్టుకుంటరా అన్నా! జర చెప్పొద్దా?" అన్నాడు హరీష్. మళ్లీ తెమ్మంటే తీసుకుపోయాడు. హరీష్ ఏదో తోడి, కొన్ని పేర్లు బయటికి తీశాడు. అనిత పేరూ వచ్చింది. నొక్కితే తెల్ల తెర.

అనిత వచ్చి వాకిట్లో నిలబడింది. "మామా, కొంగు?"

ఆయన ఖాళీ గళ్లు తెరిచి నాలుగు చుక్కలు పెట్టాడు, చెరిపేశాడు. "మెడ ఎటు తిరిగిందే?"

"గిట్ల వొంగి, కింది నుంచి పోతుండె."

"ఎన్ని గళ్లు?"

"నాకేం తెల్వదు మామా. నువ్వే కదా పెట్టినవు."

మళ్లీ పెట్టాడు. పక్షి కాదు, పీటముడిలా వచ్చింది. చీర ఇయ్యాల్సిన గడువు దగ్గర పడింది.

"సాదా కొంగు నేసెయ్, అనితా."

"సాదాకైతే నీ దాకా ఎందుకొస్తి?"

ఆమె గొంతులో కోపం కూడా లేదు. కాసేపటికి పక్కింట్లోంచి మగ్గం చప్పుడు మొదలైంది. నెత్తిన అట్టలు తిరిగే చప్పుడు లేదు, పోగును కొట్టే ఉత్త పలక చప్పుడే. బుచ్చన్న లేచి తలుపు దగ్గరికి వేశాడు. అయినా వినిపిస్తూనే ఉంది.