మట్టి పూతలో నాన్నెవరు?

మా ఇంట్లో మొదటి డిగ్రీ నాదే! పోయిన నెల రిజల్ట్ రాగానే, ముందు నాన్నకే చెప్పాలని మా ఊరి పూరీ గేట్ దగ్గరున్న ప్రకృతి వైద్యశాలకు పరుగెత్తాను. ఆయన తలనొప్పికి అక్కడే వైద్యం.

గదిలో ఇద్దరు ముఖమంతా మట్టి పూసుకుని, దుప్పట్లు కప్పుకుని పడుకున్నారు. ఎవరు నాన్నో తేలలేదు. మట్టి ఆరేదాకా మాట్లాడకూడదట. బొజ్జ ఆనవాలు పట్టి ఒకాయన కాళ్లకు దణ్ణం పెట్టాను.

"నాన్నా, డిగ్రీ పాసైపోనాను!"

ఆయన చెయ్యెత్తి దీవించారు.

"ఓలమ్మీ, అతను డాక్టర్ దాదా! నీ బాబుని నేనిటున్నాను!" పక్క మంచం మీంచి కేక.

రోగులకు ధైర్యం రావాలని అక్కడ అందరూ దాదా, అంటే అన్న, అని పిలిచే డాక్టర్లు కూడా పక్కనే పడుకుని మట్టి పూయించుకుంటారట. నేను ఇద్దరి వంకా మార్చి మార్చి చూశాను.

"ఏటలా సూత్తావు? నాకూ సెప్పు మరి!" అన్నారు నాన్న.

మళ్లీ చెప్పాను. ఆయన ముఖం మీద మట్టి బీటలు వారింది. ఆ బీటల్లోంచి కనిపించిన నవ్వు నేనెన్నటికీ మరిచిపోలేను.