ఆదివారం దవాఖానా

ఈ రోజు టేకులపల్లి దగ్గరి ఒక ఊళ్లో సర్వే చేశాను. చిన్నప్పుడు ఏ మతం, ఇప్పుడు ఏ మతం, మారితే ఎప్పుడు మారారు, ఇవీ మా ప్రశ్నలు. ఎవరి జవాబు వాళ్లే ఒంటరిగా చెప్పాలన్నది రూలు. అందుకని బొగ్గు బావిలో పనిచేసి రిటైరైన రాజయ్య తాతను వాకిట్లోకి పంపించి, ఆయన భార్య లచ్చమ్మ దగ్గర కూర్చున్నాను.

ఆమె నా చెవి దగ్గరికి వంగింది. "చర్చికి పోతున్న బిడ్డా. ఆయనకు తెల్వదు. మోకాళ్ల నొప్పులకు దవాఖానాకు పోతున్ననని చెప్తున్న ప్రతి ఆదివారం. తెలిస్తే ఇంట్ల ఉండనియ్యడు."

ఎన్నేళ్లుగా అని నేనూ గుసగుసగానే అడిగాను.

"ఆరేండ్లు."

"ఏడు!" అని వాకిట్లోంచి వినిపించింది. "ఏడేండ్లు అని రాయి బిడ్డా. దానికి లెక్క రాదు."

లచ్చమ్మ ముఖం పాలిపోయింది. తాత తలుపు దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"ఆదివారం మన దవాఖానాకు తాళమేస్తరే. గా సంగతి గూడ తెల్వదా నాకు?"

"మరి గిన్నేండ్లు ఎందుకు అడగలే?"

"నువ్వే చెప్తవని చూసిన. ఇగ ఎండల నడుసుడు బంద్ పెట్టు, బండి మీద దించుత. లోపలికి మాత్రం నన్ను రమ్మనకు."

"నిన్నెవరు రమ్మన్నరు?" అంది లచ్చమ్మ, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ.

రూలు తప్పినందుకు సూపర్‌వైజర్ రేపు తిడతారు. తిట్టనివ్వండి, నేను ఏడు అనే రాసుకున్నాను. మీ ఇంట్లోనూ అందరికీ తెలిసీ ఎవరూ ఎత్తని మాట ఉందా? ఇవాళ ఎత్తి చూడండి, ఏమైందో నాకూ చెప్పండి.