గడప దగ్గర అడిగిన మాట

ఉయ్యూరు మగ్గాల వీధిలో పన్నెండు మగ్గాలను వారం రోజులపాటు ఆపిన ఘనుణ్ణి నేను. సమ్మె చేయించలేదు, ఎవరినీ తిట్టలేదు. ఒక పెద్దమనిషిని మర్యాదగా పలకరించానంతే. వినండి, నవ్వుకోండి. నాకు నవ్వు రావడానికి మాత్రం చాలా ఏళ్ళు పట్టింది.

నేను పుట్టి పెరిగింది రంగూనులో. తాత బట్టల మూటతో వెళ్ళి అక్కడే స్థిరపడ్డాడు. మా అమ్మ కూడా అక్కడే పుట్టింది. యుద్ధం ముగిశాక, ఇరవై రెండేళ్ళ వయసులో, మాతృదేశానికి సేవ చెయ్యాలని నాకు పూనకం వచ్చింది. ఉయ్యూరులో నేతవారి ఆడవాళ్ళకు మధ్యాహ్నాలు అక్షరాలు నేర్పడానికి జీతం అడగని మేష్టరు కావాలని తెలిసి, ఏడాదికి ఒప్పుకుని స్టీమరెక్కాను.

దిగాక చూస్తే మాతృదేశం నాకు అక్షరాలా పరదేశం. బెజవాడలో బొగ్గుతో నడిచే బస్సెక్కితే కంకిపాడు దాటేసరికి నా తెల్ల లాల్చీ ఏ రంగుదో నాకే గుర్తులేదు. బస్సులో ఇద్దరు కొట్టుకోబోతున్నారని అడ్డం వెళ్ళాను. వాళ్ళు క్షేమసమాచారాలు అడుగుతున్నారట! ఇక పచ్చడి సంగతి చెప్పను. మొదటి ముద్దకే మా అమ్మ గుర్తొచ్చింది. కళ్ళనీళ్ళలో సగం కారానివి, సగం అమ్మవి.

నాన్నగారి పినతండ్రి కూతురు సూరమ్మత్తయ్య ఇంట్లో దిగాను. ఆవిడ, భర్త వీరయ్య మావయ్య, ముందుగదిలో ఒక మగ్గం. పిల్లలు లేరు. నన్ను ఎంతో బాగా చూసుకునేవారు. అయినా ఏదో వెలితి.

ఆ వెలితి ఏమిటో పదోరోజుకు తెలిసింది. బర్మాలో మనిషి ఎదురైతే పలకరించే మాట "ఎక్కడికి?" అనే. జవాబు అక్కర్లేదు, "అలా అటు" అంటే చాలు. మా వీధి చివరికి వెళ్ళేలోపు పదిమంది అడిగేవారు. ఇక్కడ పదిరోజులుగా ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, నన్ను ఆ మాట అడగలేదు. నేనసలు ఎవరికీ కనబడుతున్నానా అని అనుమానం వచ్చింది. సరే, మనమే మొదలుపెడదామనుకున్నాను.

అవి కంట్రోలు రోజులు, నూలుకు కూడా రేషనే. నూలు బెజవాడ డిపోలో ఇచ్చేవారు. వీధి మొత్తం తరఫున మావయ్యే వెళ్ళి తేవాలి. ఆ తెల్లవారి ఆయన సంచీ భుజాన వేసుకుని, దేవుడికి దణ్ణం పెట్టుకుని, గడప మీంచి కాలెత్తాడు.

"ఎక్కడికి మావయ్యా?" అన్నాను నోరారా.

ఎత్తిన కాలు గాల్లోనే ఆగింది. మావయ్య వెనక్కొచ్చి, కాళ్ళు కడుక్కుని, మంచినీళ్ళు తాగి, మగ్గం పక్కన కూర్చున్నాడు. ఏదో మరిచిపోయాడనుకున్నాను. కాసేపటికి మళ్ళీ లేచాడు. పెద్దాయన రెండోసారి బయలుదేరుతుంటే పలకరించకపోతే ఏం బాగుంటుంది?

"మళ్ళీ ఎక్కడికి మావయ్యా?"

ఈసారి మంచినీళ్ళ చెంబు గోడకు తగిలింది.

"సూరమ్మా! ముందు వీణ్ణి లోపలికి లాక్కుపో!"

"ఏవన్నాడండీ వాడు?"

"ఏవన్నాడా? ఎక్కడికంట! రెండుసార్లు!"

"అయ్యయ్యో! ఒరేయ్, బయలుదేరే మనిషిని అట్టా అడుగుతారట్రా?"

"తప్పేముందత్తయ్యా? చెప్పడం ఇష్టంలేకపోతే అలా అటు అనమనండి, చాలు" అని సలహా కూడా ఇచ్చాను.

ఇంతలో రోడ్డు మీద హారన్ మోగింది, బస్సు వెళ్ళిపోయింది. తరవాతి బస్సులో మావయ్య చేరేసరికి నూలు అయిపోయింది, వచ్చేవారం రమ్మన్నారు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నా నోరు మంచిదే, ఊరికే అచ్చిరాలేదు. పన్నెండిళ్ళ వాళ్ళూ వచ్చి, "ఈ అబ్బాయేనా?" అని నన్ను కళ్ళారా చూసి వెళ్ళారు. ఒక్క మేలు మాత్రం జరిగింది. చుట్టడానికి నూలు లేక ఆడవాళ్ళందరూ చదువుకే వచ్చారు. ఆ వారం నా బడి కిటకిటలాడింది.

ఆ సాయంత్రం అత్తయ్య నన్ను కూర్చోబెట్టుకుంది. సిగ్గు విడిచి చెప్పేశాను. "అక్కడ ఎవరైనా అట్లా అడిగితే మనవాళ్ళున్నట్టు ఉంటుందత్తయ్యా. ఇక్కడ నన్నెవరూ అడగరు."

"పిచ్చి సన్నాసీ! అడక్కపోవడమేరా ఇక్కడ ఆపేక్ష. నీ పని సవ్యంగా జరగాలని అందరం నోరు కట్టుకుంటన్నాం. అంతగా ఉండబట్టకపోతే దూరమా అని అడుగు."

మర్నాడు పొద్దున్నే చెంబు పట్టుకుని కాలవ గట్టుకు వెళ్తున్న ఎదురింటాయన్ని వినయంగా "దూరమా అండీ?" అనడిగాను. ఆయన నాతో ఆరునెలలు మాట్లాడలేదు.

ఏడాది గడిచింది. అమ్మ ఉత్తరం మీద ఉత్తరం రాస్తోంది. నాకూ కలల్లో రంగూను వీధులే. ప్రయాణం రోజున వీధంతా మా ఇంటి ముందు చేరింది. నా ప్రయాణం సవ్యంగా సాగాలని అందరూ మూతులు బిగించుకుని నిలబడ్డారు. మావయ్య పెట్టె పట్టుకున్నాడు. నేను గడప మీంచి కాలెత్తాను.

"ఎక్కడికిరా?"

వెనక సూరమ్మత్తయ్య!

"నీకేవన్నా మతిపోయిందటే?" అని మావయ్య అరిచాడు.

"నోరు జారిందండీ" అంది. జారిన నోరులా లేదది. కళ్ళనిండా నీళ్ళున్నాయి. నేను వెనక్కొచ్చి, కాళ్ళు కడుక్కుని, ఆవిడిచ్చిన నీళ్ళు తాగి, మగ్గం పక్కన కూర్చున్నాను. హారన్ మోగింది, బస్సు పోయింది, దానితో రైలూ స్టీమరూ పోయాయి. మళ్ళీ స్టీమరుకు నెల. నా జీవితంలో అంత సంతోషంగా ఏ బండీ తప్పిపోలేదు.

నెల తరవాత వెళ్ళాను. ఆ రోజు అత్తయ్య నోట్లో కొంగు కుక్కుకుని నిలబడింది. రంగూను రేవులో దిగగానే టీకొట్టువాడు "ఎక్కడికి?" అని నవ్వుతూ పలకరించాడు. ఏడాదిగా ఆ మాట కోసం మొహం వాచినవాణ్ణి, ఏం చేశాననుకున్నారు? పెట్టె దింపి, దానిమీద కూర్చుని, మంచినీళ్ళు అడిగాను. ఉయ్యూరు మీద బెంగ అక్కడే పట్టుకుంది.

గడప దాటేవాళ్ళను ఇక జన్మలో ఆ మాట అడగనని ఆనాడే ఒట్టు పెట్టుకున్నాను. ఒక్కసారి తప్పాను. అత్తయ్య పోయిందని మావయ్య ఎవరిచేతో రాయించిన ఉత్తరం వచ్చిన రోజున. గడపలో మంచినీళ్ళ చెంబు పెట్టుకుని, "ఎక్కడికత్తయ్యా?" అని పైకే అడిగాను. రెండుసార్లు అడిగాను.

మావయ్యనూ నన్నూ వెనక్కి తిప్పిన మాట, ఆవిణ్ణి మాత్రం తిప్పలేకపోయింది. అలాంటి మాట నాకెందుకు? ఇక ఎవరినీ అడగను. ఈసారి నిజంగా ఒట్టు.