తొమ్మిది గీతల చీర

శివపార్వతికి ఖాకీ అంటే భయం లేదు, అసహ్యం ఉంది. అదీ నేత తెలిసిన మనిషి అసహ్యం. మిల్లులో పుట్టిన ముతక గుడ్డ, గంజి పెడితే తప్ప నిలబడదు, లోపలి మనిషీ అంతే అంటుంది. చీరాల చుట్టుపక్కల నేతపేటల్లో ఎవర్నయినా స్టేషన్లో చితకబాదితే ఆమెను వెతుక్కుంటూ వస్తారు. ఆమె మగ్గం మీంచి లేచి వాళ్ళను ఆస్పత్రికి తీసుకెళ్తుంది. గాయాలన్నీ కాగితం మీద పడేదాకా డాక్టరు బల్ల ముందు నుంచి కదలదు. మూడో తరగతి చదివిన మనిషికి ఈ విద్య నేర్పింది మొగుడి అరికాళ్ళు.

1999 వానాకాలంలో ఒక సోమవారం పొద్దున, సగం నేసిన చీరను మగ్గం మీద వదిలి, చుట్ట కాల్చుకుందామని వీధిలోకి వచ్చిన ఆమె మొగుడు వీరాంజనేయుల్ని పోలీసులు జీపెక్కించారు. మరమగ్గాల షెడ్డులో మోటారు పోయిందట. చేనేత రకాల్ని మరమగ్గాల మీద నేసేస్తున్నారని సంఘం మీటింగులో గొంతు పెంచినవాడు ఇతనే గనక దొంగా ఇతనే. ఎస్సైగారి తెలివి అంతదూరం నడిచి, ఆయాసం వచ్చి అక్కడే కూలబడింది.

మూడు రోజులు అరికాళ్ళ మీద కొట్టారు. శివపార్వతి పూటపూటా క్యారేజీ పట్టుకుని గేటు దగ్గరికి వెళ్ళేది. సెంట్రీ అందుకుని లోపలికి తీసుకెళ్ళేవాడు. గిన్నెలు నాకినంత శుభ్రంగా తిరిగొచ్చేవి. మొగుడు కడుపునిండా తింటున్నాడనుకుని ఆమె కుదుటపడేది. ఆ తొమ్మిది పూటలూ తిన్నది సెంట్రీయేనని తర్వాత తెలిసింది. దొంగను పట్టడానికి జీతం తీసుకుంటూ గోంగూర పచ్చడి దొంగిలించిన ఆ మీసాల మొహం ఆమెకు ఇప్పటికీ గుర్తే.

ఆ మూడు రోజుల్లోనే ఆమె ఒక తెలివితక్కువ పని చేసింది. మొగుడు స్టేషన్లో ఉన్నాడంటే పరువు పోతుందనీ, ఒప్పుకున్న గురువారానికి చీర అందకపోతే మగ్గానికే మాట వస్తుందనీ మిగతా సగం తనే కూర్చుని నేసింది. నూలు ఇచ్చి చీరలు నేయించుకునే మాస్టర్ వీవర్ రాఘవులుకు దాన్ని అందిస్తూ, మొగుడికి జ్వరమనీ, జ్వరంలోనే నేశాడనీ చెప్పింది. రాఘవులు చీర తిప్పి చూసి పక్కన పడేశాడు.

పోలీసులు గురువారం సాయంత్రం పట్టుకున్నట్టు రాసుకుని శుక్రవారం కోర్టులో నిలబెట్టారు. నిలబెట్టడం వాళ్ళ మాట. వీరాంజనేయులు మోకాళ్ళ మీద పాక్కుంటూ వచ్చాడు. మగ్గం కింద కాళ్ళు పెట్టుకునే గుంటలో పడ్డాడన్నారు. మోకాటి లోతు గుంటలో పడి రెండు అరికాళ్ళూ కమిలించుకున్న నేతగాడు ఈ భూమ్మీద అతనొక్కడే. ఆ కాళ్ళకేసి చూసిన పాపాన పోకుండానే ప్రభుత్వ డాక్టరు ‘సాధారణ గాయాలు’ అని రాసి టీ తాగడానికి వెళ్ళాడు.

రహిమున్నీసా అనే లాయరు వాళ్ళ తరఫున ఎస్సై మీద కేసు వేసింది. విచారణకు రావడానికి మూడేళ్ళు పట్టింది. సోమవారం నుంచి అతను స్టేషన్లోనే ఉన్నాడని తేలకపోతే కేసు పోతుందనీ, దొంగ అన్న ముద్ర మిగిలిపోతుందనీ ఆమె ముందే చెప్పింది.

శివపార్వతి బోనెక్కిన రోజు ఎస్సై తరఫు ప్లీడరు రాఘవులు దగ్గర్నుంచి తెప్పించిన ఆ చీరను, పెళ్ళికొడుకు తాళిబొట్టు పట్టుకున్నట్టు రెండు చేతులా ఎత్తి చూపించాడు.

"దీన్ని గురువారం ఇచ్చింది నువ్వేనా? మీ ఆయనే నేశాడని చెప్పావా?"

"చెప్పానండి."

"స్టేషన్లో ఉన్నవాడు చీరెలా నేశాడమ్మా?"

కోర్టులో నవ్వులు లేచాయి. ఎస్సై అయితే కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ మరీ నవ్వాడు. పరువు కోసం ఆడిన అబద్ధం ఇప్పుడు మొగుడి కాళ్ళమీద ఇంకో లాఠీ దెబ్బగా పడింది. ప్లీడరు చీరను బోను మీద ఆమె ముందు పడేశాడు. చీర చేతికి తగలగానే వేళ్ళు వాటంతటవే దాన్ని తడుముకున్నాయి. జడ్జిగారిని అడిగి, కిటికీ వెలుతురుకి అడ్డంగా పరిచి పట్టుకుంది. సగం చీర మబ్బులా చిక్కగా ఆగింది. మిగతా సగంలోంచి ఎండ జల్లెడ పట్టినట్టు కారింది.

"ఇక్కడిదాకా ఆయన చేతి నేతండి. ఇక్కణ్ణుంచి నాది. నా కాళ్ళు పొట్టి, మగ్గం కింది తొక్కుడు చెక్క పూర్తిగా తొక్కలేను. అందుకే వదులు."

"ఈ అడ్డగీతలేమిటి?" అన్నాడు జడ్జి.

"నేత ఆపి లేచి మళ్ళీ కూర్చుంటే పడతాయండి. తొమ్మిదుంటాయి. ఆ తొమ్మిది సార్లూ క్యారేజీతో స్టేషన్ గేటు దగ్గరున్నాను."

జడ్జి వేలు పెట్టి తొమ్మిదీ లెక్కపెట్టుకున్నాడు. తర్వాతి వాయిదాకు రాఘవులును పిలిపించాడు. రాఘవులు మనుషుల గురించి ఎన్ని అబద్ధాలైనా ఆడగలడు, బట్ట గురించి ఒక్కటీ ఆడలేడు. ఇద్దరి చేతులు నేసిందేనండీ, తీసుకున్నప్పుడే తెలిసింది, అందుకే పక్కన పడేశాను అన్నాడు. ఎస్సై వైపు చూడలేదు.

దొంగతనం కేసు కొట్టేశారు. ఎస్సైకి ఆరు నెలలు పడింది. అప్పీలు మీద బెయిలొచ్చింది, దాని వెనకే ప్రమోషనూ వచ్చింది. ఆ శిక్ష పైకోర్టులో ఇంకా గురక పెడుతూనే ఉంది. వీరాంజనేయులు మళ్ళీ మగ్గం తొక్కలేదు. అరుగు మీద కూర్చుని నూలు కండెలు చుడతాడు. నేసేది శివపార్వతే. ఎవరైనా కుంటుకుంటూ గుమ్మంలోకి వస్తే నేత ఆపి లేస్తుంది. జ్వరమనీ, జారిపడ్డామనీ ఎవరికీ చెప్పొద్దని మొదటి మాటగా చెబుతుంది.

మొన్న రాఘవులు ఆమె నేసిన చీర తిప్పి చూసి, మళ్ళీ గీతలేనా తల్లీ అని నసిగాడు.

"గీతలొద్దనుకుంటే స్టేషనుకెళ్ళి కొట్టడం మానమని చెప్పండి రాఘవులు గారూ."

ఆయన చీర మడిచి, మంచి వాటిలో పెట్టుకున్నాడు.