తెలుస్తాందన్న అంజనమ్మ

ధర్మవరంలో అచ్చు అతకాలంటే అంజనమ్మకే కబురు వచ్చేది. మగ్గం మీద పాత పడుగు అయిపోవస్తుంటే, దాని కొసలకు కొత్త పట్టుపోగుల కొసలు ఒక్కొక్కటే చేర్చి, బూడిద అద్దిన వేళ్ళతో మెలిపెట్టడం ఆ పని. వేల పోగులు. ముప్పై ఏళ్ళు ఇంటింటికీ తిరిగి అదే పని చేస్తూ, ఎవరింట్లో ఏం కూర ఉడుకుతోందో కూడా చెప్పేసేది.

నిరుడు గాలివానకు వసారా రేకు ఊడి ఆమె కుడి మణికట్టు మీద పడింది. గాయం మానింది గానీ మూడు వేళ్ళు మొద్దుబారిపోయాయి. బెంగళూరు ఆసుపత్రిలో డాక్టర్ నందిని చూసి, నరం తెగి మధ్యలో కొంత పాడైందని చెప్పింది.

"కాలి నరం తీసి అతికించడం పాత పద్ధతమ్మా. ఇంకొకటి ఇప్పుడిప్పుడే ప్రయోగంలో ఉంది. తెగిన రెండు కొసల మధ్య సన్నటి గొట్టం పెడితే పైకొస నుంచి నరం దాంట్లో పెరుగుతూ రావాలి. రావచ్చు, రాకపోవచ్చు."

"అతుకే గదా మేడం, మా పనే," అని గొట్టానికే ఎడమ చేత్తో సంతకం పెట్టింది అంజనమ్మ.

ఆపరేషన్ అయిన ఆరో నెల పరీక్షనాడు రైలు ఆలస్యమై, ఏమీ తినకుండానే వెళ్ళింది. డాక్టరమ్మ తన డబ్బాలోని చిత్రాన్నం సగం పెట్టింది. తరువాత కళ్ళు మూసుకోమని, వెంట్రుకంత నైలాన్ తీగ వేలికొసకు తాకిస్తూ, తెలిస్తే చెప్పమంది.

ఏమీ తెలియలేదు. డాక్టరమ్మ నిట్టూర్పు మాత్రం వినిపించింది. అన్నం పెట్టిన మనిషిని చిన్నబుచ్చినట్టు అనిపించింది అంజనమ్మకు. సన్నటి పోగును వెలుతురులో చూడాలంటే రెప్పల మధ్య చిన్న సందు వదిలి చూడడం అచ్చు అతికేవాళ్ళ అలవాటు. ఎదుటివాళ్ళకు కళ్ళు మూసినట్టే ఉంటాయి. తీగ వేలిని తాకడం చూసి, "తెలుస్తాంది మేడం," అనేసింది. డాక్టరమ్మ మొహం వెలిగిపోయింది. ఆ వెలుగు చూశాక, మరుసటి పరీక్షలో కూడా అట్లాగే చెప్పింది.

అత్త వేళ్ళకు స్పర్శ వచ్చిందని కోడలు పద్మప్రియ వీధంతా చెప్పుకుంది. అది విని నేతగాడు సుబ్బన్న అచ్చు అతకడానికి పిలిచాడు. మెలి పడిందో లేదో వేళ్ళకు తెలియలేదు. మగ్గం కదపగానే అతుకులు వరసగా జారిపోయాయి.

"ఎండకు పోగు పెళుసుబారినట్టుండాది లేక్కా," అన్నాడు సుబ్బన్న, భార్యను పిలిచి మళ్ళీ అతికిస్తూ. తిట్టినా బాగుండేది. అంజనమ్మ గోడవారగా నడిచి ఇల్లు చేరింది.

తొమ్మిదో నెల ఆసుపత్రి బెంచీ మీద ఒకాయన పక్కన కూర్చున్నాడు. పేరు గంగప్ప. రాయదుర్గంలో జీన్స్ గుడ్డ కత్తిరించే పని. మిషన్ కత్తికి మణికట్టు తెగిందట.

"ధర్మవరం అక్కవి నువ్వేనా? గొట్టంతో స్పర్శ వచ్చినాదంట గదా!"

"ఎవరు చెప్పినారప్పా?"

"టీ అంగడికాడ మీ కోడలు. నేను కాలినరమే అనుకుంటి. నీ కథ విన్నాంక గొట్టానికే సరే అంటా." మళ్ళీ తనే, "ఏమక్కా, గిల్లితే నొయ్యలేదా?" అన్నాడు.

అంజనమ్మ కిందికి చూసింది. తన చూపుడువేలు అతని వేళ్ళ మధ్య ఉంది. ఎప్పుడు పట్టుకున్నాడో తెలియదు. చెవులదాకా వేడెక్కింది. పేరు పిలవకముందే లేచి లోపలికి వెళ్ళింది.

"నా కండ్లకు గుడ్డ కట్టండి మేడం. రెండుసార్లూ చూసి చెప్పినా."

"ఎందుకమ్మా?"

"మీరు చిత్రాన్నం పెడితిరి."

డాక్టరమ్మకు కోపమే వచ్చింది. "నన్ను సంతోషపెట్టమని అడిగానా? నీ మాట లెక్కలోకి తీసుకొని రేపు ఇంకొకరి చెయ్యి కోస్తాం."

అంజనమ్మ కళ్ళు మూసి మొహం ముందుకు చాపింది. డాక్టరమ్మ చున్నీ కట్టి మళ్ళీ మొదటినుంచి తాకించింది. బొటనవేలి మొదట్లో ఒక్కచోట చీమ పాకినట్టు తెలిసింది. వేళ్ళలో ఏమీ లేదు. కాగితం మీది పాత రాతను కలం బరబరా కొట్టివేస్తున్న చప్పుడు ఆమె వింటూ కూర్చుంది.

బయటికి వచ్చి గంగప్ప ముందు నిలబడింది. "నేను అబద్ధం చెప్పినాను నాయనా. వేళ్ళకు రాలేదు. బొటనవేలి మొదట్లో మాత్రం కొంచెం. ఇది నిజం. మిగతాది డాక్టరమ్మను అడుగు."

గంగప్ప ఆమెను పైనుంచి కిందికి చూశాడు. "ఎంత పని చేస్తివక్కా! నేను సరే అనేస్తాంటి!" అని, లేచి దూరపు బెంచీకి వెళ్ళిపోయాడు.

పద్మప్రియ టీ గ్లాసులతో వచ్చింది. "ఏమన్నారత్తా? ఇంకా బాగయిందంటనా?"

"ఈడ కూర్చో," అంది అంజనమ్మ. "వీధిలో నువ్వు చెప్పుకున్నదంతా నేనే పోయి ఇంటింటికీ మార్చి చెప్పల్ల. ముందు నీకు చెప్తా."